మురికిని బూడిద చేసే ఓవెన్

దోసెల పెనానికి నూనె పట్టించి కాల్చేకొద్దీ దాని మీద నల్లని, నున్నని పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉంటేనే దోసె అంటుకోకుండా లేస్తుంది. అదే పొర ఓవెన్ లోపలి గోడలకు పడితే మురికి అంటాం, వదిలించలేక అలసిపోతాం. రెండు చోట్లా జరిగేది ఒకటే రసాయన చర్య. నూనెలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు వేడికి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానికొకటి ముడిపడి భారీ అణువులవుతాయి. అలా గట్టిపడ్డ నూనె నీటిలో కరగదు, మామూలు సబ్బుకు లొంగదు. ఓవెన్‌లోనైతే దాని మీద చక్కెర పాకం, చీజు, మాంసపు రసాలు చిందిపడి, మాడి బొగ్గవుతాయి.

రొట్టెలు, మాంసం, కేకులు తరచూ ఓవెన్‌లోనే వండుకునే దేశాల్లో ఈ మురికి పెద్ద చాకిరీ. దాని మీద ప్రయోగించిన బలమైన ఆయుధం కాస్టిక్ సోడా. కొవ్వును విడగొట్టి సబ్బుగా మార్చడం దాని గుణం. సబ్బుల తయారీలో జరిగేదీ ఇదే. అయితే అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు, అల్యూమినియాన్ని తినేస్తుంది. దాన్ని పూసి, మోకాళ్ల మీద కూర్చుని, ఓవెన్‌లో తలపెట్టి గోకే పని చాలావరకు ఇల్లాలిదే అయ్యేది.

వేడితోనే విరుగుడు

ఈ చాకిరీని ఇంజనీరింగ్ సమస్యగా తీసుకుని పరిష్కరించినవాడు బోదన్ హుర్కో. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్‌లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు. ఆయన రూపొందించిన ఓవెన్‌ను కంపెనీ 1963లో బయటపెట్టింది, 1964లో పేటెంటు వచ్చింది. సూత్రం సూటిగా ఉంటుంది: వంట వేడికి పుట్టిన మురికిని అంతకు రెట్టింపు వేడితో అంతం చేయడం. వంటకు ఓవెన్ సాధారణంగా 180 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. శుభ్రం చేసుకునేటప్పుడు దాదాపు 480 డిగ్రీలకు చేరుతుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుందంటే ఇదెంత వేడో ఊహించవచ్చు. ఆ వేడిలో జిడ్డు అణువులు ముక్కలై, కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా మారి పోతాయి. రెండు నుంచి నాలుగు గంటల తర్వాత అడుగున మిగిలేది కాస్త బూడిద. చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే చాలు.

సూత్రం సులభమే. ఆ కొలిమిని వంటింట్లో ప్రమాదం లేకుండా ఉంచడమే కష్టం. ఓవెన్ గోడలకు ఉండే ఎనామిల్ నిజానికి ఉక్కు మీద సుమారు 800 డిగ్రీల వద్ద కరిగించి అతికించిన గాజు పొర, అందుకే అది తట్టుకుంటుంది. చుట్టూ ఉష్ణ నిరోధక పదార్థాన్ని మందంగా పెట్టాలి. దానివల్ల మామూలు వంటలోనూ వేడి వృథా తగ్గింది. సుమారు 300 డిగ్రీలు దాటాక తలుపుకు దానంతటదే తాళం పడాలి. లోపల గాలి పరిమితంగా ఉన్నంతసేపు మురికి మంట లేకుండా నెమ్మదిగా దహించుకుపోతుంది. మధ్యలో తలుపు తీస్తే ఆక్సిజన్ ఒక్కసారిగా చొరబడి, వేడి పొగలు భగ్గుమనవచ్చు. చల్లబడేదాకా తాళం విడవకపోవడానికి కారణం ఇదే.

యంత్రం అడిగే జాగ్రత్తలు

గోకే పని తప్పింది గానీ జాగ్రత్త అవసరం తప్పలేదు. అడుగున పేరుకున్న వదులు జిడ్డును ముందే తుడవకపోతే పొగ ఎక్కువవుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది కనుక కిటికీలు తెరవాలి, ఫ్యాను వేయాలి. టెఫ్లాన్ పూత అంతగా వేడెక్కితే వెలువడే వాయువులు పెంపుడు పక్షుల ప్రాణం తీస్తాయి. అందుకే ఆ గిన్నెలు లోపల ఉండకూడదు, పంజరాన్ని వంటింటికి దూరంగా ఉంచాలి. మెరిసే కమ్మీల అరలు లోపలే ఉంటే నిగనిగలు పోయి, తర్వాత సులువుగా జరగవు. తలుపు అంచున ఉండే అల్లిక గాజుపీచుది, దాన్ని రుద్దితే పాడై, వేడి బయటకు కారుతుంది. అంతటి వేడికి రక్షణ ఫ్యూజు పోయి ఓవెన్ ఆగిపోవడమూ మామూలే. అందుకే పండుగకో, విందుకో ముందురోజు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

అమెరికాలో మన తెలుగు కుటుంబాలకు మరో మాట చెప్పాలి. రోజూ వాడని ఓవెన్‌ను గిన్నెల అలమరలా వాడుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మీట నొక్కే ముందు మూకుళ్లు, ప్లాస్టిక్ డబ్బాలు అన్నీ బయటకు తీశామో లేదో చూసుకోవాలి. ఇనుప పెనం లోపల మిగిలిపోతే ఏళ్ల తరబడి పట్టిన నూనె పొర బూడిదైపోతుంది, పెనమే పగలవచ్చు.

తర్వాతి తరం

ఇంత వేడి అవసరం లేని ఓవెన్లూ వచ్చాయి. కొన్నింటి గోడలకు ఉత్ప్రేరకం కలిపిన సచ్ఛిద్ర ఎనామిల్ పలకలు ఉంటాయి. ఇవి వంట వేడికే జిడ్డును పీల్చి నెమ్మదిగా ఆక్సీకరిస్తాయి. వీటిపై ఏ క్లీనరూ వాడకూడదు, రంధ్రాలు పూడిపోతాయి. ఇంకొన్నింటిలో అడుగున నీళ్లు పోసి వేడిచేస్తే ఆవిరికి మరకలు మెత్తబడతాయి. తేలిక మురికికి ఇది సరిపోతుంది, మొండి జిడ్డును కదిలించదు.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఓటీజీల్లో (ఓవెన్-టోస్టర్-గ్రిల్లర్) సాధారణంగా ఈ ఏర్పాట్లేవీ ఉండవు. వాటికి వంటసోడా, నీళ్లు కలిపిన ముద్ద మంచిది. ప్లగ్ తీసి, చల్లారాక, రాడ్లకు తగలకుండా పూసి, కొన్ని గంటల తర్వాత తుడవాలి. వంటసోడా మృదువైన క్షారం. ఎనామిల్‌ను గీకకుండానే రుద్దేందుకు పనికొస్తుంది. ఘాటైన క్లీనర్లను ఒకదానితో ఒకటి కలపకూడదు. అమ్మోనియా, బ్లీచు కలిస్తే విషవాయువు పుడుతుంది.

హుర్కో ఓవెన్ ఒక అసలు విషయాన్ని మనకు స్పష్టం చేస్తుంది. ఆ మొండి పొర ఒక్కరోజులో ఏర్పడదు. తాజాగా చిందిన నూనె అప్పటికి ఇంకా నూనే, అణువులు ముడిపడలేదు. ఓవెన్ గోరువెచ్చగా ఉండగానే తడిగుడ్డతో తుడిస్తే సాదా సబ్బునీటికే పోతుంది. వదిలేస్తే ప్రతి వంటా దాన్ని మరింత గట్టిచేస్తుంది. చివరికి దాన్ని విడగొట్టడానికి 480 డిగ్రీల వేడి కావాలి. అంతటి యంత్రం ఉన్నా లేకున్నా, వంట అయిన వెంటనే తుడిచే అలవాటే ఓవెన్ ఆయుష్షును పెంచుతుంది.