బొద్దుగా కాదు... తగినంతగా!

"ఏమ్మే, పిల్లోనికి ఏమన్నా పెడతాండావా లేదా? పుల్ల మాదిరి ఉండాడు చూడు!"

కుళాయి దగ్గరో, రేషన్ షాపు ముందో ఈ మాట పడని తల్లి మన వైపు అరుదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఊరేదైనా ఇదే తీరు. పిల్లాడు బొద్దుగా ఉంటే తల్లి గొప్ప, సన్నగా ఉంటే తల్లిదే తప్పు. ఈ వారం మనం చెప్పుకునే తల్లికి ఆ మాట ఇంకాస్త లోతుగా గుచ్చుకుంటుంది.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఓ ఇంటిని ఊహించుకోండి. బాబుకు రెండేళ్లు నిండాయి. బరువు ఆరు కిలోలే. నోటితో నాలుగు చెంచాలకు మించి తీసుకోడు. ముక్కులోంచి పొట్టలోకి సన్నని ట్యూబు వేశారు. మూడు గంటలకోసారి సిరంజితో పాలు పోయాలి. కొలత ప్రకారం పోస్తుంటే అవ్వ పక్కనే నిలబడి, "ఇంకొంచెం పొయ్యి తల్లీ, పోస్తే పోతుంది కదా!" అంటుంది. నిజమే, పోస్తే పోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. నోటితో తినే పిల్లలు కడుపు నిండితే పెదవులు బిగిస్తారు, తల తిప్పుకుంటారు, గిన్నె తోసేస్తారు. ట్యూబుతో తాగే బిడ్డకు 'చాలు' అనే అవకాశం లేదు. ఆ 'చాలు' ఎక్కడో తల్లే తెలుసుకోవాలి.

ఏమిటీ జబ్బు?

పిల్లలు ఎదగకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో అరుదైనది 'సిల్వర్-రస్సెల్ సిండ్రోమ్'. 1953లో అమెరికాలో డాక్టర్ సిల్వర్, 1954లో ఇంగ్లండులో డాక్టర్ రస్సెల్ విడివిడిగా దీన్ని వర్ణించారు కాబట్టి ఇద్దరి పేర్లూ నిలిచాయి. ఈ పిల్లలు నెలలు నిండినా చిన్నగా పుడతారు. తల మాత్రం ఒంటితో పోలిస్తే పెద్దగా, నుదురు ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. కొందరిలో ఒక కాలు రెండో కాలికన్నా కాస్త పొట్టిగా ఉంటుంది. ఆకలి ఉండదు, తిన్నది కక్కుతారు, పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. సగం మందిలో 11వ క్రోమోజోములో మార్పు కనిపిస్తుంది, కొద్దిమందిలో 7వ దానిలో. పరీక్షలన్నీ చేసినా కారణం దొరకని వాళ్లూ ఉన్నారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూడటం వల్లనో, తల్లి ఏదో తినకపోవడం వల్లనో ఇది రాదు. ఈ సంగతి అత్తగారికి డాక్టరు చేతే చెప్పించడం మంచిదని నా అభిప్రాయం!

అయితే ఒక జాగ్రత్త. సన్నగా ఉన్న పిల్లలందరికీ ఈ జబ్బు ఉందనుకోకండి. మన జిల్లాలో బరువు తక్కువ పిల్లల్లో ఎక్కువ మందికి కావలసింది మంచి తిండి, నులిపురుగుల మందు, విరేచనాలు తగ్గడం. అంగన్‌వాడీ టీచరు చార్టు చూసి ఆసుపత్రికి వెళ్లమంటే వెళ్లాల్సిందే. ఎన్ని నెలలు పెట్టినా ఎదగని బిడ్డ విషయంలో మాత్రం 'ఎందుకు?' అని పిల్లల డాక్టరును గట్టిగా అడగండి.

లావెక్కిస్తే తప్పేమిటి?

వివిధ దేశాల నిపుణులు కలిసి 2017లో ఈ జబ్బుకు వైద్యం ఎలా చేయాలో ఒక మార్గదర్శకం ప్రచురించారు. తక్కువ తిండి ఎంత ప్రమాదమో, ట్యూబుతో అతిగా పోయడమూ అంత ప్రమాదమేనని అందులో హెచ్చరించారు. ఈ పిల్లలకు కండ తక్కువ. అందువల్ల కావలసిన శక్తి కూడా తోటి పిల్లలకన్నా తక్కువే కావచ్చు. ఎక్కువైనది కండగా మారదు, కొవ్వుగా చేరుతుంది. బరువు వేగంగా పెరిగితే ఈడు రాకముందే పెద్దమనిషి లక్షణాలు మొదలై, ఎముకలు ముందుగా ముదిరిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు పెద్దయ్యాక అందాల్సిన ఎత్తులో కొంత పోతుంది. పెద్దవయసులో షుగరు వచ్చే అవకాశమూ పెరుగుతుంది.

అందుకే ఎదురింటి రెండేళ్ల పిల్లాడు పన్నెండు కిలోలుంటే మన వాడూ అంతే ఉండాలని పట్టుబట్టకూడదు. వయసుకు తగ్గ బరువు కాదు, పొడవుకు తగ్గ బరువు చూడాలి. ప్రతిసారీ రెండూ కొలిచి రాయమనండి. మన దగ్గర చాలాచోట్ల బరువు చూసి పంపేస్తారు, పొడవు కొలిచే బల్ల గోడకు ఆనించి ఉంటుంది!

రోజూ వేసే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ గురించీ వింటుంటారు. ఖరీదైనది. పోషణ సరిచేశాకే దాని సంగతి. వేయాలో వద్దో ఎండోక్రైనాలజిస్టు నిర్ణయిస్తారు.

తెల్లవారుజామున భయం

రెండో వైపు ప్రమాదం రక్తంలో చక్కెర పడిపోవడం. కండ, నిల్వలు తక్కువ కావడంతో ఈ పిల్లలు ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండలేరు. తెల్లవారుజామున చెమటలు, మగత, పిలిస్తే సరిగా పలకకపోవడం కనిపిస్తే అనుమానించాలి. కొందరు డాక్టర్లు రాత్రి చివరి ఫీడ్‌లో పచ్చి కార్న్‌ఫ్లోర్ కలపమంటారు. ఉడికించనిది నెమ్మదిగా అరుగుతూ గంటల తరబడి చక్కెరను అందిస్తుంది. ఎంత, ఏ వయసు నుంచి అన్నది డాక్టరే చెప్పాలి, సొంతంగా మొదలుపెట్టవద్దు. పిండి అడుక్కి పేరుకుని ట్యూబు మూసుకుపోతుంది, సిరంజిని కదుపుతూ పోయాలి. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు మందుల షాపులో దొరుకుతాయి. చక్కెర పడిపోకముందే అవి హెచ్చరిస్తాయి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లే నాన్నలకు అర్ధరాత్రి ఫీడ్ అప్పజెప్పవచ్చు, ఎలాగూ మెలకువగా వస్తారు.

పప్పుకట్టుతో లెక్క తప్పుతుంది

మామూలు లెక్కలో పదికిలోల లోపు పిల్లలకు రోజుకు కిలోకు సుమారు 100 మి.లీ. ద్రవం కావాలి. ఆరు కిలోల బాబుకు 600 మి.లీ. అందులో 300 పప్పుకట్టు, సగ్గుబియ్యం నీళ్లతో నింపేశామనుకోండి. బలమనుకుంటాం గానీ అది చాలావరకు నీళ్లే. మిగిలిన 300 మి.లీ. ఆవుపాలతో వచ్చేది సుమారు 200 క్యాలరీలు మాత్రమే. పొట్ట నిండింది, బిడ్డ ఆకలి తీరలేదు.

సరే, చక్కెర, నూనె దండిగా వేద్దామా? చెంచా నూనెతో సుమారు 40 క్యాలరీలు వస్తాయి, మంచిదే. కానీ నూనె, చక్కెరే పెంచుకుంటూ పోతే మాంసకృత్తుల వాటా తగ్గిపోతుంది. కండ పెరగదు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. పాలపొడిని డబ్బా మీద రాసినదానికన్నా చిక్కగా కలిపితే నీళ్లు చాలక, అందులోనూ మన ఏప్రిల్ ఎండల్లో, మూత్రపిండాల మీద భారం పడుతుంది. ఒట్టి పాలే అయితే ఇనుము దొరకదు. ఇనుము, విటమిన్ చుక్కలు డాక్టరును అడగండి. మందును ఫీడ్‌లో కలపకుండా విడిగా వేసి, తర్వాత నీళ్లు పోయండి.

రాగులు పనికొస్తాయా?

సంగటి తినే సీమలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ రాగిజావ చల్లారితే గట్టిపడి ట్యూబులో ఇరుక్కుంటుంది. నీళ్లు కలిపితే బలం పోతుంది. దీనికి మొలకల పిండి ఉపాయం ఉంది. 1980ల్లో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం దీని మీద పరిశోధన చేసింది.

రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టాలి. సన్నని సెగ మీద కొద్దిగా వేయించి విసరాలి. ఎక్కువ వేయిస్తే పనిచేయదు. చిక్కటి జావ కాచి, పొంగు తగ్గి వేడిగా ఉండగానే ఒక చెంచా ఈ పిండి కలిపి తిప్పండి. కొద్ది నిమిషాల్లో జావ పలచబడుతుంది, బలం తగ్గదు. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి, పలచటి గుడ్డలో వడగట్టాలి. అయినా పసిపిల్లల సన్నని ట్యూబులో పొట్టు అడ్డుపడవచ్చు. మీ బిడ్డ ట్యూబుకు ఇది సరిపోతుందో లేదో ముందు డైటీషియన్‌ను అడగండి. మన పల్లీల ముద్ద ట్యూబులోకి అసలే వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె ఎటునుంచీ వద్దు.

ట్యూబు దగ్గర...

ప్రతి ఫీడ్‌కు ముందు ట్యూబు పొట్టలోనే ఉందో లేదో చూడాలి. ముక్కు దగ్గర వేసిన గుర్తు జరగకూడదు. సిరంజితో చుక్క లాగి పీహెచ్ కాగితం మీద వేస్తే 5.5 లేదా అంతకన్నా తక్కువ చూపాలి. గాలి ఊది స్టెతస్కోపుతో వినే పాత పద్ధతిని నమ్మడానికి లేదు. అనుమానం ఉంటే పోయకండి, ఆసుపత్రికి వెళ్లండి. తల ఎత్తుగా పెట్టి, సిరంజి పిస్టన్ తీసేసి, దానంతట అదే దిగేలా పోయాలి. పావుగంటో ఇరవై నిమిషాలో పట్టనివ్వండి. అయ్యాక కాచి చల్లార్చిన నీళ్లు కొద్దిగా పోసి, అరగంట పడుకోబెట్టకండి. దగ్గు, నీలిరంగు కనిపిస్తే వెంటనే ఆపాలి.

ఫీడ్ తర్వాత రోజూ కక్కుతుంటే 'అరగలేదు' అని సరిపెట్టుకోకండి. ఎక్కువ పోస్తున్నామేమో, వేగంగా పోస్తున్నామేమో చూడాలి. నిండిన పొట్ట మీద నింపుతుంటే ఆకలనేదే తెలియదు, నోటితో తినడం ఇంకా వెనకబడుతుంది.

మింగడానికి ఇబ్బంది లేదని డాక్టరు చెబితే ట్యూబు ఉన్నా నోటికి రుచి చూపించండి. అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు వాడినీ ఒళ్లో కూర్చోబెట్టుకోండి. పప్పులో ముంచిన వేలు చీకనివ్వండి. తింటే తిన్నాడు. నోరు బిగిస్తే బతిమాలకండి, చేతులు పట్టుకుని కుక్కకండి. ట్యూబు పోవాలంటే నోరంటే భయం ఉండకూడదు. నెలల తరబడి ట్యూబు అవసరమైతే పొట్ట దగ్గర చిన్న రంధ్రం చేసి వేసే ట్యూబు గురించి చెబుతారు. వినగానే కంగారుపడతాం గానీ, ముక్కు, గొంతు ఖాళీ అవుతాయి.

ఫైలులో ఒక ఉత్తరం

పుట్టుకతో వచ్చే లోపాలను, ఎదుగుదల సమస్యలను గుర్తించడానికి 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పథకం ఉంది. అంగన్‌వాడీకి వచ్చే ఆ బృందాన్ని అడిగి పెద్దాసుపత్రికి రిఫర్ చేయించుకోవచ్చు. మన వైపు నుంచి చాలామంది బెంగళూరు వెళ్తారు, అక్కడ పిల్లల కోసమే ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ ఉంది. జన్యు పరీక్షలకు హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ ఉంది.

పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఒక ఉత్తరం రాయించుకోవడం మరచిపోకండి. 'ఈ బిడ్డను ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకూడదు, వాంతులతో వస్తే చక్కెర పరీక్షించి గ్లూకోజు పెట్టండి' అని. రాత్రి రెండు గంటలకు దగ్గర్లోని ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఈ జబ్బును ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు.

మన మూడు ఊళ్లూ బెంగళూరు రైలు దారిలోనే ఉన్నాయి. ప్రయాణంలో వేడి పాలు ఫ్లాస్కులో తీసుకెళ్లకండి. గంటల తరబడి గోరువెచ్చగా ఉన్న పాలల్లో క్రిములు పెరుగుతాయి. పాలపొడి కొలిచి విడిగా, కాచిన వేడినీళ్లు ఫ్లాస్కులో విడిగా పెట్టుకుని అప్పటికప్పుడు కలపండి. వేళైతే రైల్లోనే ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని పోయండి. ఎదుటి సీట్లో ఆమె, "అయ్యో, ముక్కులో ఆ పైపేందమ్మా? ఇంత సన్నగుండాడే!" అంటుంది. చెప్పాలనిపిస్తే చెప్పండి. లేదంటే సంచి కాస్త పట్టుకోమనండి.