బ్రౌజరును దారి మళ్లించే ప్రకటనలు: ఇంట్లోనే వదిలించుకునే తీరు

గత ఏడాది దాతలు ఇచ్చిన పాత కంప్యూటర్లను మేము ఇంటర్, డిగ్రీ చదివే పిల్లల ఇళ్లకు చేర్చాము. అందులో ఒకటి అందుకున్న అమ్మాయి తండ్రి మిర్చి యార్డులో హమాలీ. ఆమె నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకుందామని ఆ పేరు టైపు చేసి వెతికింది. అన్నిటికన్నా పైన వచ్చినదాన్ని నొక్కింది. చూడటానికి ప్రభుత్వ సైటులాగే ఉంది. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అడిగితే ఇచ్చింది. చివర ప్రాసెసింగ్ ఫీజు అంటూ 350 రూపాయలు అడిగితే అదీ కట్టింది. మర్నాడు రసీదు ప్రింటు పట్టుకొని, "భయ్యా, అప్లికేషన్ నంబరు రాలేదు" అంటూ మా ఆఫీసుకు వచ్చింది.

అసలు పోర్టల్‌లో దరఖాస్తుకు ఫీజే లేదు. ఆ కంప్యూటరు తెప్పించి తెరిచి చూస్తే సంగతి తెలిసింది. గూగుల్ ఉండాల్సిన చోట ఎన్నడూ వినని పేరుతో ఒక సెర్చ్ పేజీ ఉంది. ఏది టైపు చేసినా ముందు అక్కడికి పోయి, అది చూపించిన దారినే పోతోంది. ఇచ్చిన దాతను మేము తప్పుపట్టడం లేదు. ఆ ఇంట్లో వాళ్లకూ అది తెలియదు. తీసుకున్నప్పుడు తెరిచి చూడకపోవడం మా పొరపాటు.

దీన్ని బ్రౌజర్ హైజాకర్ అంటారు. చాలామంది వైరస్ అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు ఇది తలుపు పగలగొట్టుకొని రాదు, మనమే రానిస్తాము. ఉచితంగా తెలుగు ఫాంట్లో, వీడియో ప్లేయరో, క్రాక్ చేసిన టైపింగ్ సాఫ్ట్‌వేరో దించుకుంటాము. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా "నెక్స్ట్, నెక్స్ట్" నొక్కుతూ పోతాము. ముందే టిక్కు పెట్టి ఉన్న చిన్న గడిలో రెండో సరుకు ఉంటుంది. టిక్కీలో పైన నిగనిగలాడే కాయ, అడుగున తాలు పోసినట్టు. యార్డులో అయితే చెయ్యి లోపలికి పెట్టి చూస్తాము, ఇక్కడ చూడము.

ఇందులో వాళ్లకేం లాభమని అడుగుతారు. మన ప్రతి వెతుకులాటకూ, నొక్కిన ప్రతి ప్రకటనకూ వాళ్లకు కమిషను ముడుతుంది. ఒక్కో కంప్యూటరుకు వచ్చేది పైసలే అయినా కంప్యూటర్లు కోట్లలో ఉన్నాయి. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ఫైర్‌బాల్ అనే హైజాకర్ ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలో చేరిందనీ, అందులో రెండున్నర కోట్లు మన దేశంలోవేననీ ప్రకటించింది. ఆ అంకె మరీ ఎక్కువని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది. అందులో సగమే నిజమనుకున్నా తక్కువేమీ కాదు.

ఇక తీసేయడం. హోమ్ పేజీ ఒక్కటి మార్చి ఊరుకుంటే మర్నాటికి మళ్లీ వస్తుంది. పత్తి కట్టె పీకకుండా చేలోనే వదిలేస్తే గులాబీ పురుగు మళ్లీ పంటకు వచ్చినట్టే ఇదీను. ముందు కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల జాబితా తెరిచి, తేదీల వారీగా పేర్చి చూడండి. బెడద మొదలైన రోజుల్లో దిగినవి, మీరు ఎరగనివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పేరు అనుమానంగా ఉంటే తీసేముందు తెలిసినవారిని అడగండి, ప్రింటరు డ్రైవరును పీకేసి మా దగ్గరికి వచ్చినవారూ ఉన్నారు.

తర్వాత బ్రౌజరు. ఎక్స్‌టెన్షన్లలో తెలియనివి తొలగించండి. సెట్టింగ్స్‌లో రీసెట్ నొక్కితే సెర్చ్, హోమ్ పేజీ మొదటి స్థితికి వస్తాయి. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు పోవు. నోటిఫికేషన్లలో "అనుమతించినవి" జాబితా కూడా చూడాలి. కుడి మూల ఆగకుండా దూకే ప్రకటనలు చాలావరకు ఎప్పుడో "అలవ్" నొక్కిన సైట్లవే. డెస్క్‌టాప్ మీది క్రోమ్ గుర్తుపై కుడి బటను నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. టార్గెట్ గడిలో క్రోమ్ పేరు తర్వాత ఏదైనా సైటు చిరునామా తగిలించి ఉంటే చెరిపేయండి. క్రోమ్ మెనూలో "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న మాట కనిపిస్తే మరింత అనుమానించాలి. ఇంటి కంప్యూటరుకు సంస్థ ఎక్కడిది? కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా ఆ మాట వస్తుంది గానీ, హైజాకర్లు తమ సెట్టింగును మనం మార్చకుండా తాళం వేసేదీ ఇలాగే.

ఆఖరున యాడ్‌డబ్ల్యు క్లీనర్ అనే ఉచిత సాధనంతో ఒకసారి స్కాన్ చేయండి. 2016 నుంచి అది మాల్వేర్‌బైట్స్ సంస్థది. అయితే దాన్ని పాడైన బ్రౌజరులోనే వెతికితే దొంగ చూపించిన కొట్లోకే పోయి తాళం కొన్నట్టవుతుంది. వేరే కంప్యూటరులో ఆ సంస్థ సైటు నుంచే దించి పెన్‌డ్రైవులో తెచ్చుకోండి. ఇంతా చేశాక మళ్లీ వస్తే గూగుల్ ఖాతా సింక్ చూడండి. వేరే కంప్యూటరులోని చెడ్డ ఎక్స్‌టెన్షన్ అదే దారిన తిరిగి వస్తుంది. బ్యాంకు, మెయిలు పాస్‌వర్డులు శుభ్రం చేశాకే మార్చాలి, ముందు మార్చితే ఫలితం లేదు.

"మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర నిండా వస్తే ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోను నంబరు ఇవ్వదు. బ్రౌజరు మూతపడకపోతే టాస్క్ మేనేజరు నుంచి మూసేయండి.

ఆ అమ్మాయి విషయంలో 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాము, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించాము. 350 రూపాయలు తిరిగి రాలేదు. వాళ్ల నాన్నకు అది చిన్న మొత్తం కాదు. అసలు దరఖాస్తు మాత్రం గడువుకు రెండు రోజుల ముందు మా ఆఫీసులోనే కూర్చోబెట్టి నింపించాము. ఇప్పుడు పోర్టల్ చిరునామాను కాగితం మీద రాసి పిల్లలకు ఇస్తున్నాము: స్కాలర్‌షిప్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్. వెతకవద్దు, పైన గడిలో నేరుగా టైపు చేయమంటున్నాము.

దాతలకు ఒక మనవి. పాత కంప్యూటరు ఇచ్చేముందు మీ ఫోటోలు, లెక్కలు వేరే చోట దాచుకొని, విండోస్ సెట్టింగ్స్‌లో "రీసెట్ దిస్ పీసీ", ఆ తర్వాత "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకోండి. మీ వివరాలూ పోతాయి, ఇలాంటివీ పోతాయి. చేతకాకపోతే అలాగే తెచ్చి ఇవ్వండి. ఆదివారాలు జొహర్ నమాజు తర్వాత మా కుర్రాళ్లు ఇద్దరు ఆఫీసులో ఉంటారు, మీ ముందే తుడిచి చూపిస్తారు. పవర్ కేబులు, మౌసు మరిచిపోకండి.