ఏడాదికి 5 సెంటీమీటర్లు: ఒంటిమిట్ట కింద కదిలే నేల

ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 1652లో ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని చూసి మెచ్చుకున్నాడు. ఆయన చూసిన చోట ఆ గోపురం ఇప్పుడు లేదు. గుడి, చెరువు, పక్కనున్న కడప–రాజంపేట రోడ్డు, ఊరి జనం అందరూ కలిసి ఈశాన్యంగా 18 మీటర్లకు పైగా జరిగిపోయారు. లెక్క తేలికే. మన దేశాన్ని మోసుకెళ్తున్న భూఫలకం, అంటే భారత ఫలకం, వేగం ఏడాదికి సుమారు 5 సెం.మీ.; గడిచినవి 370 ఏళ్లకు పైనే.

ఈ వేగం ఊహించి చెప్పింది కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో జీపీఎస్ కేంద్రం ఉంది. అది రోజూ తన చోటు తానే కొలుచుకుంటుంది. మరి ఇంత కదిలినా గోపురానికి బీట ఎందుకు పడలేదు? పరుగెత్తే రైల్లో టీ గ్లాసు ఒలకదు కదా, అలాగే. ద్వీపకల్పం మొత్తం ఒకే ముక్కగా సాగుతోంది. దాని లోపలి సాగుడు, నలుగుడు ఏటా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు.

దెబ్బ తగిలేది అంచున. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఈ ఫలకం ఆసియాను గుద్దుకుంది. గుద్దుకోకముందు ఏడాదికి 15 సెం.మీ. పైగా ఉన్న వేగం తర్వాత బాగా తగ్గింది. ఇప్పటికీ ఏటా దాదాపు 2 సెం.మీ. కదలిక హిమాలయాల కింద ఇరుక్కుపోతోంది. 150 ఏళ్లు ఇరుక్కుంటే 3 మీటర్లు. రాయి ఆ ఒత్తిడిని ఎల్లకాలం ఓర్చుకోలేదు, ఒక్కసారిగా జారుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో జరిగింది అదే: తీవ్రత 7.8, దాదాపు 9,000 మంది మృతి.

ఒంటిమిట్ట చుట్టూ ఉన్న కొండల పుట్టుక వేరే కథ, చాలా పాతది. పులివెందుల దగ్గర అవక్షేప పొరల మధ్యకు కరిగిన శిల చొరబడి గడ్డకట్టింది. దాని వయసు 188.5 కోట్ల ఏళ్లని లెక్క తేలింది. కాబట్టి అది చొరబడిన పొరలు అంతకన్నా పాతవి. ఆసియాను గుద్దుకోవడం కంటే ఇవి 37 రెట్లు ముసలివి! 1872లో విలియం కింగ్ ఈ రాళ్ల మీద పెద్ద గ్రంథమే రాశాడు. నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఈ కడప హరివాణంలో (బేసిన్‌లో) ఒకప్పుడు సముద్రం ఉండేది. ఇసుక, ఒండ్రు, సున్నం పొరమీద పొరగా పేరుకున్నాయి. కొన్నిచోట్ల మందం 12 కి.మీ. దాకా ఉంది. మన ఇళ్లలో పరిచే నాపరాయి ఆ సముద్రపు సున్నమే. కొండల్లోని రాతి పలకల మీద అలలు గీసిన గీతలు నేటికీ కనిపిస్తాయి. ఎండకు నోరెండే సీమలో ఆ గీతల మీద చెయ్యి పెట్టి చూడటం విచిత్రంగానే ఉంటుంది.

పులివెందుల వైపు ఈ పొరలు తూర్పుకు కొద్దిగా వాలి, బుద్ధిగా పడుకుని ఉంటాయి. ఒంటిమిట్ట, రాజంపేట వైపు వస్తే నలిగి, మడతలు పడి, అక్కడక్కడా తలకిందులయ్యాయి. ఏదో పాత కాలంలో తూర్పు నుంచి వచ్చిన తోపుడు గుర్తులివి. 1970లలో ఈ ప్రాంతం మీదుగా కావలి నుంచి ఉడుపి దాకా 600 కి.మీ. పొడవునా మందుగుండు పేల్చి, తిరిగొచ్చిన తరంగాలను బట్టి భూమి పెంకు 34 నుంచి 41 కి.మీ. మందమని తేల్చారు. టిబెట్ కింద అది 70 కి.మీ. వరకు ఉంటుంది. పెంకు అంత మందం లేని మన దగ్గర కొండలు ఇప్పుడు వెయ్యి మీటర్ల అటూ ఇటూనే. ఆ తోపుడుకు లేచిన మిగతా ఎత్తు వానకు, గాలికి, పెన్నకు, చెయ్యేరుకు పోయింది.

ఆ పాత తోపుడు ఆగిపోయినా, అది వదిలిన పగుళ్లు ఉన్నాయి. ఉత్తరాన హిమాలయాల దగ్గర పుట్టే ఒత్తిడి ఫలకం లోపలికీ పాకి, అలాంటి బలహీనమైన చోట్ల బయటపడుతుంది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రత భూకంపం, 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3. తీవ్రత ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు అవుతుంది. ఆ లెక్కన నేపాల్ భూకంపం ములుగు దానికంటే 5,600 రెట్లు పెద్దది. ముప్పు పెరిగేకొద్దీ జోన్ అంకె పెరిగే 2002 నాటి భూకంప పటంలో కర్నూలు 2వ జోన్, నెల్లూరు 3వ జోన్.

జోన్ అంకె చూసి నిశ్చింతగా ఉండటం నాకు నచ్చదు. మహారాష్ట్రలోని కిల్లారి అప్పట్లో అన్నిటికన్నా తక్కువ ముప్పున్న జోన్‌లో ఉండేది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 6.2 తీవ్రత చాలింది, పదివేల మందికి దగ్గరగా పోయారు. తర్వాత 1వ జోన్‌నే పటంలోంచి తీసేశారు. అక్కడ చంపింది ఇళ్లే: మట్టితో కట్టిన రాతి గోడలు, కొయ్య దూలాలు, పైన అడుగుకు మించిన మట్టికప్పు. సీమ పల్లెల్లో ఇంకా నిలిచి ఉన్న మట్టిమిద్దెలూ దాదాపు ఇలాంటివే. రాతిగోడ రెండు ముఖాలనూ కలుపుతూ అడ్డంగా నిడివి రాళ్లు, ప్రతి 60 సెం.మీ. ఎత్తుకు, 1.2 మీటర్లకు మించని ఎడంతో పెట్టాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మిద్దె మీద చౌడు మట్టి ఏటేటా పోసుకుంటూ బరువు పెంచకుండా, పాతది దింపాకే కొత్తది వేయాలి.