రాయలసీమ ఋతువులు – వానలు

విద్యార్థులారా! భూగోళపటమును ముందుంచుకొని గోవాలోని పణజి పట్టణమును, మన కర్నూలును గుర్తింపుడు. రెండును భూమధ్యరేఖకు ఉత్తరముగా 15, 16 డిగ్రీల నడుమనే యున్నవి. ఒకే సూర్యుడు ఇంచుమించు ఒకే కోణమున రెండింటిని కాచుచున్నాడు. అయినను పణజిలో ఏటికి సుమారు 3000 మి.మీ. వాన కురియుచుండగా, మన కర్నూలు ప్రాంతమున సగటున 700 మి.మీ. కైనను నిండదు. ఈ భేదమునకు గల కారణమును తెలిసికొనుట వినోదము మాత్రమే కాదు. మన యన్నము దానిపై నాధారపడియున్నది.

అక్షాంశ మొక్కటియే శీతోష్ణస్థితిని నిర్ణయింపదు. ఉత్తర అమెరికాయందలి లాబ్రడార్ తీరమున నైన్ అను గ్రామము కలదు. 1771లో మొరేవియను మిషనరీలు అచట తమ స్థానము నేర్పరచిరి. అదియు, స్కాట్లండులోని గ్లాస్గో నగరమును ఇంచుమించు 56వ డిగ్రీ యొద్దనే యున్నవి. కాని నైన్ యొద్ద శీతకాలమున సముద్రమే నెలల తరబడి గడ్డకట్టును. గ్లాస్గో రేవునకు ఆ బాధ లేదు. ఏలయనగా, మొదటి దాని ప్రక్కగా ఉత్తరమునుండి చల్లని సముద్రప్రవాహము దిగివచ్చును. రెండవ దానికి వెచ్చని అట్లాంటికు జలములమీదుగా పడమటిగాలి వీచును. అచట సముద్రమును గాలియు చేయుపనిని, ఇచట కొండలును గాలియు చేయుచున్నవి.

వేసవిలో భూమి సముద్రముకంటె త్వరగా వేడెక్కును. వేడెక్కిన గాలి పైకి లేవగా, ఆ చోటికి సముద్రముమీది తేమగాలి వచ్చి చేరును. ఇదియే నైరుతి ఋతుపవనము. ఇది జూన్ మొదట కేరళమును తాకి, కొలది దినములలో మన సీమకు వచ్చును. కాని దారిలో సహ్యాద్రి పర్వతములు అడ్డముగా నున్నవి. గాలి కొండ నెక్కునపుడు చల్లబడును. చల్లబడిన గాలి తేమను మోయజాలదు. కావున ఆ నీరంతయు పడమటి వాలున కురిసిపోవును. కొండ దాటి క్రిందికి దిగు గాలి మరల వేడెక్కును. వేడెక్కిన కొలది తేమను తనలోనే దాచుకొనును గాని విడువదు. ఆషాఢమాసమున తరచుగా ఈదురుగాలి వీచుచు, మబ్బులు మన నెత్తిమీదుగా పరుగిడిపోవుచున్నను చినుకు రాలకపోవుటకు కారణ మిదియే. ఇట్టి ప్రదేశమును వర్షచ్ఛాయా ప్రాంత మందురు.

అక్టోబరులో గాలి దిక్కు మారి, బంగాళాఖాతమునుండి ఈశాన్య పవనము వీచును. దానికి తూర్పున వెలికొండలు అడ్డము. వానిలో అధికభాగము నెల్లూరు సీమకు దక్కగా, మిగిలినది కడప జిల్లాకు, అంతకంటె తక్కువ కర్నూలునకు చేరును. అవిభక్త కర్నూలు జిల్లాలో ఏటి వానలో సుమారు మూడింట రెండు వంతులు నైరుతివలననే కలుగును. కడపకు ఈశాన్యము సుమారు మూడవ వంతు నిచ్చును. మన సీమ రెండు గాలులకును చాటున పడినదని గ్రహింపుడు.

మార్చి మొదలు మే వరకు వేసవి. కర్నూలు, నంద్యాల, కడపలలో ఎండ 44 డిగ్రీల వరకును పోవుట కలదు. తొలకరి ఉరుములతో ముంగారి వానలు పడగానే, జొన్నగిరి, తుగ్గలి ప్రాంతముల పొలములలో జనులు వజ్రములను వెదకుదురు. వాన మన్నును కడిగివేయుటచే రాళ్లు పైకి తేలును. అయితే ఎక్కువమందికి ఆ వాన తెచ్చు వజ్రము పదునే.

మన పెద్దలు వానను కార్తెలనుబట్టి లెక్కింతురు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు కాలమే కార్తె. ఏడాదిని 27 నక్షత్రములచే భాగించిన ఒక్కొక్కదానికి సుమారు 13½ దినములు వచ్చును. రోహిణి మే 25 ప్రాంతమునను, మృగశిర జూన్ 8 ప్రాంతమునను, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమునను ప్రవేశించును. ఇది అనుభవమునుండి పుట్టిన మంచి పంచాంగమే. అయినను కార్తె కాలమును చెప్పును గాని వానను చెప్పదు. ఆరుద్ర వచ్చినదని పొడినేలలో గొర్రు తోలిన విత్తనము చీమలపాలు కావచ్చును. జేనెడు లోతున మన్ను తీసి, పిడికిట పట్టిన ముద్దయగునా యని చూచి విత్తుట మేలు.

నేలయు వానతో కలిసియే పంటను నిర్ణయించును. ఎఱ్ఱనేల త్వరగా తడిసి త్వరగా ఆరును. కావున వేరుశనగ, కొఱ్ఱలవంటివి ముంగారులోనే వేయుదురు. కోవెలకుంట్ల, నంద్యాల ప్రాంతముల నల్లరేగడి నేల తేమను చాలకాలము పట్టియుంచును. కావున హింగారి వానలకు పదునైన నేలలో జొన్న, శనగ వేసి, మంచుతోను మిగిలిన తేమతోను పండించుకొందురు.

సగటు లెక్క యొక్కటే చాలదు. 1876లో రెండు ఋతుపవనములును మన సీమను వంచించినవి. అది ధాత సంవత్సరము. 1871, 1881 జనగణనల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గెను. రైళ్లు నడచుచున్న కాలమే యైనను, ధాన్యము కొనుటకు కూలివాని చేత కాసు లేదు. పసిఫిక్ మహాసముద్రపు తూర్పుభాగము మిక్కిలి వేడెక్కు స్థితిని ఎల్ నీనో యందురు. ఆ కరవు కాలమున అది ప్రబలముగా నుండెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అట్టి యేడులలో మన నైరుతి వానలు తగ్గుట తరచు. తప్పని నియమము మాత్రము కాదు.

కరవుసీమకు వరదభయము లేదనుకొనరాదు. 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచినవి. 2021 నవంబరు 19న, నాటి కడప జిల్లాలో, చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట చెంత గ్రామములు కొట్టుకొనిపోయినవి. వాన తక్కువ యనగా, ప్రతిదినమును తక్కువ యని కాదు. కొలది దినములలోనే అధికముగా వచ్చునని యర్థము.

కాబట్టి వానను కొలుచుట నేర్వవలెను. నిలువు గోడలును, సమమైన అడుగును గల డబ్బాను చెట్లకు, గోడలకు దూరముగా నుంచి, ప్రతి ఉదయము 8½ గంటలకు నీటిలోతును కొలిచి వ్రాయుడు. 2½ మి.మీ. గాని అంతకు మించి గాని కురిసిన దినమునే వానదినముగా వాతావరణ శాఖవారు లెక్కింతురు. ఒక చదరపు మీటరుపై 1 మి.మీ. వాన ఒక లీటరు నీరు. కావున 20 మి.మీ. వాన ఎకరమునకు సుమారు 80,000 లీటర్లను ఇచ్చును. 100 చదరపు మీటర్ల ఇంటికప్పుపై అదే వాన 2000 లీటర్లగును. ఏడాది వానలో సగమునైనను తొట్టిలోనికి మలుపగలిగిన యింటికి, వేసవిలో బిందె పట్టుకొని పోవు నడక ఎంత తగ్గునో మీరే లెక్క కట్టుడు.

ఈ లెక్కను మీ తలిదండ్రులకు చదివి వినిపింపుడు. మూడు నాలుగు సంవత్సరముల లెక్క ఒకచోట చేరినచో, మీ యూరిలో ఏ కార్తెన నిజముగా వాన పడుచున్నదో అది చెప్పును. కొండలను మనము కదలింపలేము, గాలిని త్రిప్పలేము. పడిన చినుకును కొలిచి నిలుపుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది.