దత్తాంశనిధి - దాని సంరక్షణము

తుంగభద్రా నది ఎడమ గట్టున ఆలంపురమను ప్రాచీన క్షేత్రము కలదు. బాదామి చాళుక్యుల కాలమునాటి నవబ్రహ్మాలయములచేత అది ప్రసిద్ధి కెక్కినది. ఆ ఊరికి అనతిదూరమున, కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లి వద్ద, సంగమేశ్వరాలయ ముండెను. శ్రీశైలము ఆనకట్టచే ఆ చోటు ముంపునకు లోను కాగా, ఆలయపు రాళ్లకు అంకెలు వేసి, ఒక్కొక్కటిగ విప్పి, ఆలంపురమునకు చేర్చి, మరల యథాప్రకారముగ నిలిపిరి. ఏ రాయి ఏ వరుసలోనిదో, దేనిపై దేనిని పేర్చవలెనో తెలుపు లెక్క తప్పియుండినచో, మిగులునది గుడి కాదు, రాళ్లగుట్ట.

నేటి ప్రజాజీవితము కూడ ఇట్టి లెక్కపైననే నిలిచియున్నది. రైతు భూమి వివరములు, వృద్ధుల పింఛనులు, విద్యార్థుల మార్కులు పూర్వము కాగితపు దస్తరములలో నుండెడివి. ఇప్పుడవి కంప్యూటరులలో నున్నవి. ఇట్లు క్రమముగ కూర్చిన వివరముల సముదాయమునకు దత్తాంశనిధి యని పేరు. వాడుకలో డేటాబేసు అందురు. అందు ఒక్క వరుస చెరిగినను ఒక ముదుసలికి ఆ నెల పింఛను అందకపోవచ్చును. కావున నిధిని కట్టుట యెంత ముఖ్యమో, కాపాడుట అంతకన్న ముఖ్యము.

వివరములను పట్టికలుగ అమర్చి, ఆ పట్టికలను సంఖ్యలచే కలుపు పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. అతడు అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేయుచుండెను. ఈ పద్ధతిని ఒక ఉదాహరణముచే తెలిసికొనవచ్చును. ఆలంపురపు ప్రాంతమందలి శిల్పములకు ఒక నిధిని కూర్చవలసి వచ్చెననుకొనుడు. ఒక పట్టికలో శిల్పపు సంఖ్య, పేరు, ఎత్తు, అది దొరికిన ఊరి సంఖ్య ఉండును. వేరొక పట్టికలో ఊరి సంఖ్య, పేరు, జిల్లా ఉండును.

మొదటి పట్టికలో ఊరి పేరునే వ్రాయరాదా? వ్రాయవచ్చును. కాని ఒకడు ఆలంపురమనియు, ఒకడు ఆలంపూర్ అనియు, మరియొకడు అలంపూర్ అనియు వ్రాసినచో, కంప్యూటరు వానిని మూడు ఊళ్లుగ తలచును. అంతియే కాదు. ఆలంపురము పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలో నుండెను. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడగా అందు చేరెను. జిల్లా పేరు ప్రతి శిల్పము ప్రక్కను వ్రాసియున్నచో అన్నిచోట్లను దిద్దవలెను. ఒక్కటి మరచినను తప్పు నిలిచిపోవును. ఊళ్ల పట్టికలో ఒకచోట మాత్రమే వ్రాసియున్నచో ఒక్క దిద్దుబాటుతో పని తీరును. ఒక విషయమును ఒక్కచోటనే వ్రాయవలెననుట ఈ విద్యకు మొదటి పాఠము.

ఇట్టి నిధులను నడపు సాధనములలో కొన్ని విలువ పెట్టి కొనవలసినవి. మరికొన్ని యెల్లరకు తెరచియుంచినవి. వాని మూలలిపిని ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, వాడుకొనవచ్చును. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో ఆరంభించిన పోస్ట్‌గ్రెస్ అట్టిది. 1996లో అది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరు దాల్చినది. 1995లో వెలువడిన మైఎస్‌క్యూఎల్, దాని నుండి 2009లో చీలిన మరియాడీబీ కూడ ఈ తెగకు చెందినవి. ప్రభుత్వ కార్యాలయములలో ఇట్టి సాధనములకు ప్రాధాన్య మీయవలెనని భారత ప్రభుత్వము 2015లో ఒక విధానమును ప్రకటించెను. గ్రంథాలయముల కొరకు జాతీయ సమాచార కేంద్రము రూపొందించిన ఈ-గ్రంథాలయ అను సాధనపు నాలుగవ కూర్పు పోస్ట్‌గ్రెస్ మీదనే నడచును. వెల లేకుండుటచే పల్లెటూరి విద్యార్థియు దీనిని నేర్చుకొనవచ్చును. కాని వెల లేదు గదా యని కాపలా లేకుండ విడిచిన నిధి, తలుపు లేని ధాన్యపు కొట్టువంటిది.

నిధిపాలకుని మొదటి ధర్మము లెక్క తప్పకుండ చూచుట. తండ్రి ఖాతా నుండి కుమారుని ఖాతాకు 500 రూపాయలు మార్చవలెననుకొనుడు. తండ్రి ఖాతాలో తగ్గించిన పిమ్మట, కుమారుని ఖాతాలో చేర్చుటకు ముందు విద్యుత్తు పోయినచో ఆ సొమ్ము ఏమగును? మంచి దత్తాంశనిధి ఈ రెండు పనులను ఒక్కటిగ భావించును. రెండును జరుగును, లేదా రెండును జరుగవు. ఇందుకై అది చేయబోవు మార్పును ముందుగ ఒక చిట్టాలో వ్రాసికొని, ఆ తరువాతనే పట్టికను దిద్దును. విద్యుత్తు వచ్చినపుడు ఆ చిట్టాను చూచి తన్ను తాను సరిదిద్దుకొనును.

రెండవ ధర్మము వేగమును కాపాడుట. అక్షరక్రమమున నున్న పది లక్షల పేర్లలో, ప్రతిసారియు సగము విడిచి సగము చూచుచు వెదకినచో, ఇరువది చూపులలో కావలసిన పేరు దొరకును. క్రమము లేనిచో పది లక్షలును చూడవలసి రావచ్చును. ఈ క్రమమును నిలుపు సాధనమునకు ఇండెక్సు అని పేరు. అయినను ప్రతి గడికిని ఒక ఇండెక్సు కట్టుట తెలివి కాదు. ఏలయన, క్రొత్త వరుస చేరినప్పుడెల్ల ఇండెక్సులన్నిటిని దిద్దవలెను. వ్రాయు పని మందగించును. కావున తెలిసిన పాలకుడు, నిధి ఏ త్రోవను వెదకుచున్నదో ఎక్స్‌ప్లెయిన్ అను ఆజ్ఞచే అడిగి తెలిసికొని, అవసరమైనచోటనే ఇండెక్సు కట్టును. పోస్ట్‌గ్రెస్‌లో మరియొక విశేషము కలదు. ఒక వరుసను దిద్దినపుడు పాతది వెంటనే పోదు. క్రొత్తది వేరుగ చేరును. అక్కర తీరిన పాత వరుసలు కళ్లములో పొల్లువలె పేరుకొనును. వానిని తొలగించి ఆ చోటును మరల వాడుకకు తెచ్చు పనికి వ్యాక్యూం అని పేరు. అది సరిగ జరుగనిచో నిధి ఉబ్బి మందగించును.

మూడవ ధర్మము పరుల నుండి రక్షించుట. ఎవరి పనికి ఎంత అధికారము కావలెనో అంతయే ఈయవలెను. చదువుటకు వచ్చినవానికి చెరిపివేయు హక్కు ఏల? నిధి ద్వారమును ఇంటర్నెట్టు వైపు తెరచి ఉంచరాదు. కొందరు దుర్మార్గులు, పేరు వ్రాయవలసిన గడిలో పేరునకు బదులు ఆజ్ఞను వ్రాసి నిధిని మోసగింతురు. ఆజ్ఞను, విలువను వేరువేరుగ పంపు పద్ధతి ఆ మోసమును అడ్డును. పోస్ట్‌గ్రెస్ ప్రతి ముఖ్య కూర్పునకును ఐదేండ్ల పాటు దిద్దుబాట్లు వెలువడును. అటుపిమ్మటను పాతదానినే పట్టుకొని యుండుట ప్రమాదము.

వీనినెల్ల పాటించినను మానవుడు పొరబడుట సహజము. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఇంజనీరు, తాను వేరొక సర్వరులో ఉన్నాననుకొని, అసలు నిధిని తుడుచు ఆజ్ఞ నిచ్చెను. క్షణములలో గ్రహించి ఆపెను గాని, అప్పటికే దాదాపు 300 గిగాబైట్లు పోయెను. ప్రతిదినము తీయబడుచున్నవనుకొన్న నకళ్లను వెదకగా, కూర్పుల పొంతన కుదరక అవి తీయబడుటయే లేదని తెలిసెను. ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన ఒక నకలు దైవికముగ మిగిలియుండుటచే సంస్థ గట్టెక్కెను. ఆ ఆరు గంటలలో నిధియందు వ్రాసినవి మాత్రము తిరిగి రాలేదు. ఆ సంస్థ తన తప్పును దాచక లోకమునకు వెల్లడించెను.

ఈ వృత్తాంతమునుండి గ్రహింపవలసిన దేమనగా, నకలు తీసితిమనుకొనుట చాలదు. అప్పుడప్పుడు ఆ నకలునుండి నిధిని మరల నిలిపి చూడవలెను. అసలును వెన్నంటి మారుచుండు జంట సర్వరు నకలుకు బదులు కాజాలదు; అసలులో చెరిగినది అందును వెంటనే చెరిగిపోవును. నకలును వేరొక ఊరిలో ఉంచవలెను. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు నగరమును, ఆలంపురమును ముంచెత్తినవి. ఒకే గదిలో నున్నచో, అసలును నకలును ఒకే వరదలో పోవును.

కూడవెల్లి ఆలయము నేడు ఆలంపురమున నిలిచియున్నది. దర్శించువారు శిఖరమును చూతురు, శిల్పములను చూతురు. రాళ్లకు అంకెలు వేసినవారిని తలచువారు అరుదు. నిధిపాలకుని పనియు అట్టిదే. అది సరిగ జరిగినన్నాళ్లు ఎవరి కంటను పడదు. అయినను, ఆ కనబడని శ్రద్ధయే పింఛనుకై ఎదురుచూచు ముదుసలికి ఆధారము.