‘తెలియదు’ అనే విశ్వాసం

2021 మే 27న అమెరికాలోని యూటా ఎడారిలో శాస్త్రజ్ఞుల పరికరాలు అంతరిక్షం నుంచి వచ్చిపడిన ఒక సూక్ష్మకణం జాడ పట్టుకున్నాయి. దానికి ‘అమతెరాసు’ అని జపాను పేరు పెట్టారు. జెనీవా దగ్గరి మహాయంత్రం ప్రోటాన్లకిచ్చే శక్తికన్నా దాని శక్తి 3 కోట్ల రెట్లకు పైమాటే. అది వచ్చిన దిక్కు చూస్తే గెలాక్సీలు దాదాపు లేని శూన్యం! దారిలో అయస్కాంత క్షేత్రాలు దాన్ని మళ్లించాయా? మనమెరుగని మూలమేదైనా ఉందా? పరిశోధకులు తొందరపడి తీర్పు చెప్పలేదు. ‘తెలియదు’ అని ఒప్పుకుని వెదుకుతూనే ఉన్నారు.

మనమైతే పొరుగింటికి జబ్బో, చావో, నష్టమో వస్తే మూలం వెంటనే చెప్పేస్తాం. ‘ఏ పాపం చేశారో’ అంటాం, ‘విశ్వాసం చాల్లేదు’ అంటాం. యోబు స్నేహితులు చేసిందీ అదే. 7 రోజులు నేలమీద అతని పక్కన మౌనంగా కూర్చున్నంతసేపు వారు ఆదరణకర్తలే. కారణాలు చెప్పడం మొదలుపెట్టాక బాధకులయ్యారు. తుదకు దేవుడు సుడిగాలిలోనుండి మాట్లాడాడు. వెలుగు ఎక్కడినుండి వస్తుందో తెలుసా అని యోబును అడిగాడేగాని, అతని శ్రమకు కారణం చెప్పలేదు. ఆయన కోపం తీర్పు చెప్పిన స్నేహితుల మీదే రగిలింది.

ప్రియులారా, జవాబు దేవుని దగ్గర ఉందని నమ్మే మనకు ‘తెలియదు’ అనడానికి భయమెందుకు? ఈ వారం శ్రమలో ఉన్న ఒక ఇంటికి వెళ్దాం. కారణాలు చెప్పకుండా పక్కన కూర్చుందాం.