తొలి కంప్యూటరును స్వయముగా కూర్చుకొనువారికి

బెంగుళూరు నుండి హోసూరునకు పోవు రహదారి మీద, కర్ణాటక రాష్ట్రము ముగిసి తమిళనాడు మొదలగు చోట నున్న అత్తిబెలెలో కన్నడముతో పాటు తెలుగును తమిళమును వీథులలో వినవచ్చును. ఆనేకల్ తాలూకాలోని ఈ పారిశ్రామిక పట్టణమునకు ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగువారును, తరతరములుగా ఈ సరిహద్దు ప్రాంతముననే నివసించుచు ఇంట తెలుగు మాటలాడువారును గలరు. అట్టి యింటిలో చదువుకొను పిల్లలు కంప్యూటరు కావలెనని అడిగినప్పుడు, సిద్ధముగా పెట్టెలో వచ్చు యంత్రమును కొనుటయా, లేక భాగముల నొక్కొక్కటిగా ఏరి తెచ్చి ఇంటనే కూర్చుకొనుటయా అను విచారము సహజముగా పుట్టును. రెండవ మార్గమే మేలని నా దృఢాభిప్రాయము. దానివలన కొంత సొమ్ము మిగిలిన మిగులవచ్చును గాని, అంతకంటె ముఖ్యమైన లాభమేమనగా, యజమానికి తన యంత్రములోని ప్రతి భాగమును ఎఱుకపడియుండును. ఒకటి చెడినప్పుడు తక్కినవానిని పారవేయక దాని నొక్కదానినే మార్చుకొనవచ్చును.

ఈ సౌకర్యము ఊరక లభించినది కాదు. 1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, దానిని ఇతర సంస్థల భాగములతో నిర్మించుటయే గాక, దాని అంతర్నిర్మాణమును వివరించు సాంకేతిక గ్రంథమును సైతము ప్రకటించినది. దాని నాధారముగా జేసికొని ఇతరులు ఆ యంత్రమునకు సరిపడు కార్డులను, అనంతరము అట్టి యంత్రములనే తయారుచేయసాగిరి. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణము నేటికిని చెల్లుచున్నది. పూర్తి ఏటీఎక్స్ మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు గలది. మైక్రో ఏటీఎక్స్ 244 మిల్లీమీటర్ల చతురస్రము. ఒకరు చేసిన బోర్డు మరియొకరు చేసిన క్యాబినెట్‌లో మరతో సహా సరిగా అమరుటకు కారణ మిదియే.

భాగముల నెన్నుకొనువారు సాధారణముగా ప్రాసెసరుతోనో గ్రాఫిక్స్ కార్డుతోనో ఆరంభింతురు. ఆరంభింపవలసినది చేయబోవు పనితో. ట్యాలీలో లెక్కలు వ్రాసికొనుటకు, పాఠములు వినుటకు, పైథాన్ నేర్చుకొనుటకు ఆరు కోర్ల ప్రాసెసరు ధారాళముగా చాలును. విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కఱలేదు. పెండ్లి వీడియోలకు ఎడిటింగు చేయువారికి కోర్లును ర్యామును హెచ్చుగా కావలెను. పెద్ద ఆటలు ఆడువారును, త్రిమితీయ చిత్రములు గీయువారును మాత్రమే గ్రాఫిక్స్ కార్డుపై పెద్ద మొత్తము వెచ్చించుట న్యాయము. ఇచ్చట పేరు చివరి యక్షరమును శ్రద్ధతో చూడవలెను. ఐ5-12400 అను ఇంటెల్ ప్రాసెసరులో తెరకు బొమ్మ నందించు చిత్రవిభాగము గలదు. ఐ5-12400ఎఫ్‌లో అది లేదు. రెండవది కొంత చౌక యని కొని తెచ్చి, గ్రాఫిక్స్ కార్డు లేకయే కూర్చినచో, ఫ్యానులన్నియు తిరుగును, తెర మాత్రము నల్లగానే యుండును. ఏఎండీ వారి ఏఎం4 శ్రేణి రైజెన్ ప్రాసెసర్లలో 5600జీ వలె జీ యను నక్షరము గలవానియందే చిత్రవిభాగ ముండును. 5600, 5600ఎక్స్‌లకు కార్డు తప్పనిసరి.

ప్రాసెసరుతో మదర్‌బోర్డు పొందిక సాకెట్టు చేత నిర్ణయమగును. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్టు ఇంటెల్ 12, 13, 14 తరముల ప్రాసెసర్లను ధరించును. తరువాతి కోర్ అల్ట్రా 200 శ్రేణికి ఎల్‌జీఏ 1851 అను వేఱొక సాకెట్టు 2024లో వచ్చినది. ఏఎండీ పద్ధతి దీర్ఘాయుష్యము గలది: 2017లో రైజెన్ ప్రాసెసర్లతో ప్రచారములోనికి వచ్చిన ఏఎం4 సాకెట్టునకు 2024లో గూడ క్రొత్త ప్రాసెసర్లు విడుదలయైనవి, 2022లో వచ్చిన ఏఎం5నకు 2027 వఱకైనను మద్దతు నిత్తుమని ఆ సంస్థ ప్రకటించినది. నాలుగైదేండ్ల తరువాత ప్రాసెసరు నొక్కదానినే మార్చుకొనదలచిన సామాన్యునకు ఇది గొప్ప యాసరా. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామునే గ్రహించును. డీడీఆర్4 కడ్డీని దానిలో పెట్టజూచినను పట్టదు; కడ్డీ అంచుననున్న గాటు రెంటియందును వేఱువేఱు చోట్ల నుండును, బలముతో నొక్కినచో విఱుగును.

ఇక నేను అన్నిటికంటె ఎక్కువగా చెప్పదలచినది పవర్ సప్లై గుఱించి. మన బజారులలో దీనిని ఎస్‌ఎంపీఎస్ అందురు. కొనువాడు ప్రాసెసరును గూర్చి పది ప్రశ్న లడుగును, గ్రాఫిక్స్ కార్డును గూర్చి ఇరువది యడుగును. ఎస్‌ఎంపీఎస్ మాట వచ్చునప్పటికి, “అది క్యాబినెట్‌తోనే వస్తుంది సార్” అని దుకాణదారు చెప్పుటతో ఆ ప్రసంగము ముగియును. కాని 230 వోల్టుల గృహవిద్యుత్తును 12 వోల్టులుగా మార్చి ప్రతి భాగమునకు పంచునది అదియే. అది చెడునప్పుడు ఒంటరిగా చెడక, ఒక్కొక్కప్పుడు బోర్డును, డిస్కును గూడ వెంటబెట్టుకొని పోవును. దాని ప్రక్కన అంటించిన పట్టికను చేతబట్టి చదువుడు. పైన పెద్దయక్షరములతో 450 వాట్లని యుండవచ్చును. దాని క్రింద 12 వోల్టుల వరుసలో 16 ఆంపియర్లని మాత్రమే యున్నచో, పదునారును పండ్రెండుతో హెచ్చింపగా 192 వాట్లు మాత్రమే వచ్చును. ప్రాసెసరును గ్రాఫిక్స్ కార్డును ఆహారము తీసికొనునది ఆ వరుసనుండియే. నాణ్యమైన 550 వాట్ల దానిపై ఆ వరుసలో ఇంచుమించు 45 ఆంపియర్లుండును, అనగా 540 వాట్లు.

ఎన్ని వాట్లు కావలెనన్న లెక్క కష్టమైనది కాదు. ఐ5-12400 గరిష్ఠముగా 117 వాట్లు తీసికొనును. ఆర్‌టీఎక్స్ 4060 వంటి కార్డు 115 వాట్లు. తక్కిన బోర్డు, డిస్కు, ఫ్యానులకు ఏబది వాట్లు వేసికొన్నను మూడువందలకు లోబడియే యుండును. అట్టి యంత్రమునకు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టినచో అది సగము భారముతో నడచును. అట్టి భారమునందే దాని సామర్థ్యము మిక్కుటము. 80 ప్లస్ ప్రమాణములో కాంస్యపు ముద్ర గలది సగము భారమున ఎనుబది యైదు శాతమును, స్వర్ణపు ముద్ర గలది తొంబది శాతమును విద్యుత్తును సద్వినియోగము చేయును. మిగిలినది వేడియై పోవును. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రమునకు మంచి సంస్థవారి 450 వాట్లది చాలును. రంగురంగుల దీపముల ఫ్యానులకు పెట్టు సొమ్మును దీనిపై పెట్టినచో ఆ సొమ్ము పదేండ్లు పనిచేయును.

వేసవి యుఱుములతో గూడిన వానలు కురియు దినములలో మన యూళ్లలో కరెంటు పోవుచు వచ్చుచు నుండుట అందఱెఱిగినదే. కావున యంత్రముతో పాటు యూపీఎస్‌ను గూడ లెక్కలో చేర్చుకొనవలెను. 600 వీఏ యూపీఎస్ సాధారణముగా 360 వాట్ల భారమునే మోయగలదు. పని భద్రపఱచి యంత్రమును ఆర్పుకొనుటకు ఆ కొద్ది నిమిషములు చాలును. గోడలోని మూడవ పిన్నునకు నిజముగా ఎర్తింగు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత పరీక్షింపజేసికొనుట మఱి ముఖ్యము. అది లేని యింట క్యాబినెట్ ఇనుమును తాకినప్పుడెల్ల చేయి జిల్లుమనును. లారీలు విరామము లేక తిరుగు రహదారి ప్రక్కనున్న ఇండ్లకు ధూళి మఱియొక శత్రువు. ముందు భాగమున జాలియు, విప్పి కడుగదగిన వడపోతయు గల క్యాబినెట్‌ను ఎన్నుకొనవలెను.

నిలువకు ఎం.2 రూపములోని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డి నేడు ఉత్తమము. సాటా ఎస్‌ఎస్‌డి సెకనునకు 550 మెగాబైట్ల వఱకు చదువగా, నాల్గవ తరము ఎన్‌వీఎంఈ 7000 వఱకు చదువగలదు. అయినను పాత హార్డ్ డిస్కు నుండి ఏ ఎస్‌ఎస్‌డికి మారినను కలుగు సుఖమే అసలైన సుఖము. ర్యాము 16 గిగాబైట్లకు తగ్గరాదు. 2025 చివరి భాగమునుండి, తయారీదారులు కృత్రిమ మేధా కేంద్రముల వైపు మొగ్గుటచేత, ర్యాము ధరలు మిక్కిలి పెరిగినవి. 16ను ఒకే కడ్డీగా కొని రెండవ కడ్డీని తరువాత చేర్చుకొనవచ్చును గాని, ప్రాసెసరులోని చిత్రవిభాగము మీదనే ఆధారపడువారు రెండు 8ల కడ్డీలనే తీసికొనవలెను; రెండు మార్గముల నుండి ర్యాము నందినగాని ఆ చిత్రవిభాగము చుఱుకుగా నడువదు.

కొనుటకు అత్తిబెలె వారికి ఎస్‌పీ రోడ్డు, అనగా సాదర్ పత్రప్ప రోడ్డు, ప్రసిద్ధ స్థానము. సికింద్రాబాదు వారికి చినాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నపురి వారికి రిచీ వీథి యెట్టివో బెంగుళూరు వారికి ఇది యట్టిది. 2025 ఆగస్టు 10న పసుపు మార్గపు మెట్రో ప్రారంభమైన పిమ్మట ఈ ప్రయాణము సుకరమైనది: బొమ్మసంద్రము వఱకు బస్సులో పోయి, అచ్చట మెట్రో ఎక్కి, ఆర్‌వీ రోడ్డు వద్ద ఆకుపచ్చ మార్గమునకు మారి, కేఆర్ మార్కెట్ స్టేషనులో దిగవచ్చును. ఎస్‌పీ రోడ్డులో వాడిన భాగములును దొరకును. వానిని కొనువారు ఒక విషయము స్మరింపవలెను: విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది, విండోస్ 11 కొఱకు టీపీఎం 2.0 సదుపాయమును, ఇంటెల్‌లో ఎనిమిదవ తరము గాని రైజెన్‌లో 2000 శ్రేణి గాని అంతకు పైబడినది గాని యైన ప్రాసెసరును కావలెను. వాడిన ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రము ఎంత చౌకకు వచ్చినను కొనకుడు. క్రొత్త భాగమైనచో దుకాణము ముద్ర గల జీఎస్‌టీ బిల్లును, దానిపై సీరియల్ నంబరును వ్రాయించుకొని రావలెను. వారంటీ కాలము ముగియువఱకు పెట్టెలను పారవేయరాదు.

ఇంటికి తెచ్చిన పిమ్మట వెంటనే క్యాబినెట్‌లో బిగింపక, మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదనే యుంచి తొలి పరీక్ష చేయుట మంచిది. ప్రాసెసరు మూలనున్న చిన్న త్రికోణమును సాకెట్టు మీది త్రికోణముతో సరిపెట్టి, తనంతట కూర్చుండనిచ్చి, తరువాతనే మీటను దించవలెను. ఏ దశలోను బలము ప్రయోగింపరాదు. నాలుగు గదులున్న బోర్డులో రెండు ర్యాము కడ్డీలను సాధారణముగా ప్రాసెసరు వైపునుండి రెండవ, నాలుగవ గదులలో పెట్టుదురు. విద్యుత్తు నిచ్చి బయాస్ తెర తెరచినప్పుడు ర్యాము పూర్తిగా కనబడుచున్నదా, దాని వేగ మెంత యని చూడవలెను. 6000 అని ముద్రించిన డీడీఆర్5 కడ్డీ, ఎక్స్‌పో గాని ఎక్స్‌ఎంపీ గాని యను ప్రొఫైలును ఎన్నుకొనువఱకు, 4800 వంటి తక్కువ వేగముననే నడచుచుండును. దానిని మార్చి, ప్రాసెసరు వేడిమి కొంతసేపు నిలుకడగా నున్నదని చూచుకొని, అటుపిమ్మట బోర్డును క్యాబినెట్‌లోని ఇత్తడి స్టాండాఫ్‌ల మీద మరలతో బిగించి, విండోస్ గాని లినక్స్ గాని ఎక్కించుకొనవచ్చును.